కెమేరా పట్టుటకు ముందు

ఈ సంవత్సరము మన పాఠశాలలో పై తరగతుల విద్యార్థులు కొందఱు చేరి, పాఠశాల జీవితమును గూర్చి యిరువది నిమిషముల చలనచిత్రము నొకదానిని తీసి, వార్షికోత్సవమునాడు ప్రదర్శింప సంకల్పించిరి. డాక్యుమెంటరీ యని జనులు వాడుకలో బిలుచుచున్న వాస్తవచిత్ర మన్నమాట. ఇది మెచ్చదగిన యుద్యమము. ఒకప్పుడు చలనచిత్రము తీయవలెనన్న నెంతయో ధనమును, పెద్ద పరివారమును గావలసియుండెను. నేడు మధురవాడలో నే యింట జూచినను కెమేరా గల ఫోను కనబడుచున్నది. పనిముట్టు చేతికి వచ్చినది. పనితనము మాత్రము పనిముట్టుతో గూడ రాదు, దానిని నేర్చుకొనవలెను. ఏది తీయవలెను, ఎక్కడ నిలిచి తీయవలెను, ఎంతసేపు తీయవలెను అని ముందుగా నిర్ణయించుకొనుట యందు మొదటి పాఠము. దానిని గూర్చియే నా యభిప్రాయమును చదువరుల యెదుట నుంచదలచితిని.

చిత్రసంఘమువారు తాము తీయదలచిన షాట్ల పట్టికను వ్రాసి నాకు జూపిరి. అందు ఇరువదియాఱు షాట్లు గలవు. మొదటిది డ్రోను నెగురవేసి యాకాశమునుండి తీయు భవనముల దృశ్యము. రెండవది ప్రధానద్వారము. పిమ్మట ప్రధానోపాధ్యాయులవారి గది, బహుమానపు కప్పు లుంచిన బీరువా, పదవ తరగతిలో నెక్కువ మార్కులు వచ్చినవారి పలుకులు, కవాతు, నృత్యము, కంప్యూటరు గది. పట్టిక శుభ్రముగా నున్నది, అక్షరదోషము లేదు. నేను దానిని రెండుసారులు చదివితిని. అందు మంచినీటి కుళాయి లేదు. గంట కొట్టు నతడు లేడు. మధ్యాహ్నము వండి వడ్డించు నమ్మలు లేరు. వెనుక బెంచీ లేదు. బహుమానము రానివా డొక్కడును లేడు. మన పాఠశాలలో చదువు పిల్లలలో ననేకులకు, మన పాఠశాలను గూర్చిన చిత్రములో చోటు లేకపోయినది. వ్రాసినవారు దుర్బుద్ధితో వ్రాయలేదు. చిత్రమనగా నిట్లే యుండవలెనని వారు తలచిరి, అంతియే.

మఱియొక పక్షమువారును గలరు. వారి వాదము వేఱు. “అయ్యా, వాస్తవచిత్రమునకు పట్టిక యేల? జీవితము పట్టికప్రకారము నడచునా? ఫోను తెఱచి దినమంతయు తీసికొనుచు పోవుదము, పిమ్మట మంచి ముక్కల నేఱుకొందము” అని వారందురు. ఈ మాటయందును కొంత సత్యము లేకపోలేదు. కాని యట్లు తీసినవారి యనుభవ మేమి? పది గంటల బొమ్మలు పోగగును. వానిలో నొక్కటియు పది సెకనులు నిలకడగా నుండదు. వాని నన్నిటిని జూచుటకే యోపిక చాలదు. తుదకు కెమేరా ముందుకు దుమికినవారే చిత్రమున మిగులుదురు. సిగ్గరి పిల్లలు మరల బయటనే యుందురు. పట్టిక లేనిచోట బిగ్గఱగా నఱచువాడే పట్టిక యగును.

కావున నా మనవి యిది. షాట్ల పట్టిక తప్పక కావలెను. అయితే అది పాఠశాలకు నగలు పెట్టుటకు గాక, మన కన్ను దినదినమును దాటిపోవుచున్నవారిని కెమేరాయైనను దాటిపోకుండ జేయుటకు కావలెను.

ఇది చిన్నవిషయము కాదని నా కెట్లు తెలిసెనో చెప్పెదను. చాలకాలము క్రిందట నేను వేఱొక యూరి పాఠశాలలో బనిచేయుచుండగా, పూర్వవిద్యార్థి యొకడు దూరదేశమునుండి వచ్చెను. మంచి యుద్యోగములో నున్నవాడు. అతడు చిన్ననాట అన్నము తెచ్చుకొనని దినములలో, గంట కొట్టు తాత తన కేరియరులోనిది సగము పెట్టుచుండెడివాడట. ఆ తాత చనిపోయి యప్పటికే చాల యేండ్లైనది. “తాత ఫోటో యొకటి దొరకునా?” యని యతడడిగెను. మేము బీరువా తెఱచి పాత యాల్బము లన్నియు దింపితిమి. ప్రతి పుటలోను పూలదండలే. ప్రతి పుటలోను వేదికయే. అతిథులు, అధ్యక్షులు, కప్పు లందుకొను పిల్లలు. తాత లేడు. కట్టకడపట నొక ఫోటోలో, ఎండలో గూర్చున్న యతిథిగారి కుర్చీవెనుక, గొడుగు పట్టుకొన్న చేయి యొకటి మోచేతివఱకు గనబడెను. “ఇది తాత చేయియే, ఈ వెండి యుంగర మాయనదే” అని యతడు దానిని తన ఫోనుతో తీసికొని, కన్నులు తుడుచుకొని వెడలిపోయెను. ఆ ఫోటో తీసిన నాటివారు కెమేరాను ఒక మూర ప్రక్కకు జరపియుండినచో చాలియుండెను.

చలనచిత్రముల చరిత్రయు నీ విషయమున మనకు బోధ చేయుచున్నది. 1895వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమందలి లియోను నగరములో లూమియేర్ సోదరులు తమ కార్ఖానా ద్వారమున కెదురుగా కెమేరా నుంచి, పని ముగించుకొని బయటకు వచ్చు పనివారిని తీసిరి. ఆ యేటి డిసెంబరు 28వ తేదీన పారిసు నగరమున టిక్కెట్టు పెట్టి ప్రజలకు జూపిన చిత్రములలో నిది యొకటి. నాటి ఫిల్ము చుట్ట దాదాపు పదునేడు మీటర్లే గనుక ఏబది సెకనులకే చిత్రము ముగియుచుండెను. అందు కెమేరా కదలదు. తలుపు తెఱచుకొనును, స్త్రీలును పురుషులును గుంపుగా వచ్చి యిరుప్రక్కలకు జీలిపోవుదురు. చూచువారికి అనుకోకుండ దొరకిన దృశ్యమువలె నుండును. కాని యీ చిత్రమునకు మూడు రూపములు నేటికిని నిలిచియున్నవి. ఒకదానిలో బండి నొక గుఱ్ఱము లాగును; ఒకదానిలో రెండు గుఱ్ఱములు లాగును; మఱొకదానిలో గుఱ్ఱమే లేదు. అనగా వారొకసారి తీసి తృప్తి నొందక, మరల మరల తీసి చూచిరి. ఎక్కడ నిలువవలెను, ఎప్పుడు తలుపు తెఱవవలెను అని వారు యోజించిరి. వాస్తవచిత్రమునకు యోజన యక్కఱలేదను వారికి ఆ గుఱ్ఱములే ప్రత్యుత్తరము.

ఆ లూమియేర్ చిత్రములు 1896 జులై 7వ తేదీన బొంబాయి వాట్సన్ హోటలులో ప్రదర్శింపబడెను. పిదప హరిశ్చంద్ర సఖారాం భాట్వడేకర్ అను ఫోటోగ్రాఫరు తానును కెమేరా తెప్పించుకొని చిత్రములు తీయనారంభించెను. కేంబ్రిడ్జిలో గణితమున బ్రథమస్థానము నొంది 1901 డిసెంబరులో స్వదేశమునకు మరలివచ్చిన పరాంజపేగారికి బొంబాయిలో జరిగిన స్వాగతమును ఆయన చిత్రించెను. మన దేశపు తొలి వార్తాచిత్రములలో దీని నొకటిగా నెంచుచున్నారు. విద్యార్థులారా, గమనించితిరా? మన దేశమున కెమేరా తొలినాళ్లలోనే పరుగెత్తి తీసినది మొదటి ర్యాంకు వచ్చినవానిని!

ఈ రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. ఒకటి గెలిచినవాని స్వాగతము. రెండవది పేరులు దెలియని పనివారి గుంపు. రెండును వాస్తవములే. గెలిచినవానిని గౌరవించుట తప్పని నేననను. మన పట్టిక యంతయు స్వాగతములతోనే నిండిపోయి, ద్వారమున వచ్చిపోవు గుంపునకు చోటు మిగులకుండుటయే నా కొఱత.

మన రాష్ట్రమునందే దీనికి మంచి నిదర్శనము గలదు. మదనపల్లె సమీపమున ఋషివ్యాలీ పాఠశాల యున్నది. దాని స్థాపనకు మూలపురుషుడైన జిడ్డు కృష్ణమూర్తిగారు మదనపల్లెలో జన్మించినదియు, లూమియేరులు చిత్రము తీసిన ఆ 1895లోనే. ఆస్ట్రేలియాలో స్థిరపడిన డేవిడ్ మెక్‌డూగల్ అను చిత్రకారుడు, అంతకుముందు డెహ్రాడూనులోని డూన్ పాఠశాలను గూర్చి యైదు చిత్రములు తీసినవాడు, ఋషివ్యాలీకి వచ్చి, 2007లో “స్కూల్‌స్కేప్స్” అను చిత్రమును వెలువరించెను. ఒక్కొక్క ఘట్టమును ఒక్కొక్క షాటుగా, తొందరలేక చూపుట యాయన యవలంబించిన పద్ధతి. లూమియేరుల నిశ్చలమైన కెమేరాను, ఊరక చూచుటను గూర్చి కృష్ణమూర్తిగారు చేసిన బోధను ఆయన యొకచోట జేర్చెను. అదే మెక్‌డూగల్ పిమ్మట ఢిల్లీలో పదునొకండేండ్ల పిల్లల చేతికే కెమేరాల నిచ్చి, తమ జీవితములను తామే తీసికొనునట్లు చేసెను. ఆ చిత్రములు 2013లో వెలువడినవి. పదునొకండేండ్లవారు చేసిన పనిని మన తొమ్మిదవ తరగతివారు చేయలేరా?

మధురవాడవారమగు మనకు ఇంతకంటె దగ్గఱి గురువొకటి గలదు. భీమిలి పోవు సముద్రపుబాటలో మంగమారిపేట కెగువను తొట్లకొండ యున్నది. మీలో చాలమంది విహారయాత్రకు బోయి చూచినదే. రెండువేల యేండ్ల క్రిందట బౌద్ధభిక్షువులు నివసించి విద్య నభ్యసించిన స్థలమది. నేటి మాటలో నొక విద్యాలయప్రాంగణము. 1988 మొదలు 1993 వఱకు పురావస్తుశాఖవా రచట త్రవ్వకములు జరిపిరి. బయటపడిన వేమి? స్తూపములు, చైత్యములతో బాటు భిక్షువులు పండుకొను చిన్నచిన్న గదులు, వంటశాల, అందఱు గూర్చుండి భుజించు శాల. ఱాతిలో దొలిచిన నీటితొట్లను బట్టియే యా కొండకు ఆ పేరు వచ్చినది. అచట చదువులో నెవరు మొదట నిలిచిరో మన మెఱుగము. వారు నీరెక్కడ త్రాగిరో, అన్న మెక్కడ దినిరో యెఱుగుదుము. ఆ గదుల ముందు నిలిచినపుడు మన మనస్సు కదలుటకు కారణ మదియే. మన పట్టికలో నీటికుళాయియు వంటశాలయు లేకపోవుట యెంత లోపమో, మన యూరి కొండయే చెప్పుచున్నది గదా!

ఇక పట్టిక యెట్లు వ్రాయవలెనో నాకు దోచినంత చెప్పెదను.

మొదటి దినమున కెమేరాను ముట్టవలదు. నోటుపుస్తకము, పెన్సిలు తీసికొని ఉదయము గేటు తెఱచినది మొదలు సాయంకాలము గేటు మూయువఱకు తిరుగుడు. ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎవరు, ఏమి చేయుచున్నారో వ్రాసికొనుడు. ఆటోలో పదిమందితో నిఱుకుకొని వచ్చు పిల్లలు, తండ్రి స్కూటరుమీద నిదురకన్నులతో వచ్చు పసివాడు, కొండవాలు కాలనీలనుండి నడచి వచ్చువారు. ఇంటిలో నొరియాయో హిందీయో మాటాడి, గేటు దాటగానే తెలుగునకు మారువారు. ఇంటిపని వ్రాయక వరండాలో గోడకు పుస్తకమానించి గబగబ వ్రాయువారు. ఇవన్నియు మీ పుస్తకములోనికి రావలెను. ఒక్క దినము చాలకపోయిన రెండు దినములు తిరుగుడు. చూడనిదానిని పట్టికలో నెట్లు వ్రాయగలరు?

రెండవ మెట్టున, వ్రాసికొన్న వానిలో ముఖ్యమైన వాని నేఱి, ఒక్కొక్కదానిని మూడు దూరములనుండి యోజింపుడు. ఉదాహరణమునకు విరామసమయమున కుళాయివద్ద వరుస. వరండా చివరనుండి దూరపు షాటు తీసిన, ఇది యెక్కడ జరుగుచున్నదో తెలియును. నాలుగడుగుల దూరమున నడిమి షాటు తీసిన, ఎవరెవరున్నారో, ఎవరెవరిని నెట్టుచున్నారో తెలియును. దగ్గఱి షాటు తీసిన, సీసా నిండువఱకు కుళాయి నదిమిపట్టిన చిన్నచేయి కనబడును. ఈ మూడింటిని గూర్చినపుడు చూచువాడు తానే వరుసలో నిలిచినట్లు భావించును. మూడు దూరములును అన్నిటికి నక్కఱలేదు. కొన్నిటికి దూరమే మర్యాద. ఏడ్చుచున్న పిల్లవాని మొగముమీదికి కెమేరాను తీసికొనిపోవుట తగదు.

పట్టికలో ప్రతి షాటునకు నెదురుగా ఆఱు గడులు గీయుడు: స్థలము, సమయము, దూరము, కెమేరా యెత్తు, వెలుగువచ్చు దిక్కు, వినవలసిన ధ్వని. సముద్రము మనకు తూర్పున నున్నది గనుక ప్రొద్దుటి యెండ యేటవాలుగా వచ్చి మొగముల కందము నిచ్చును. మిట్టమధ్యాహ్నపు టెండ నెత్తిమీద బడి కన్నులక్రింద నల్లని నీడలు చేయును. ఆ వేళ వరండానీడలలోను, గదులలోను బనిచేయుడు. గదిలో కిటికీకి వీపు పెట్టి తీయుడు. కిటికీవైపు తిరిగి తీసిన పిల్లల మొగములు నల్లబడును. ఒకటవ తరగతివారిని తీయునపుడు మోకాళ్లమీద గూర్చుండుడు. పైనుండి తీసిన వారు చీమలవలె గనబడుదురు. వారి కన్నులయెత్తున నుంచి తీసిన, వారి లోకము మనకు గనబడును.

ప్రతి షాటును కదల్పక మనస్సులో పది యెంచువఱకు నిలుపుడు. ఫోను నడ్డముగా బట్టుకొనుడు. ట్రైపాడ్ లేకపోయిన బెంచీమీద పుస్తకములు పేర్చి దానిపై నుంచుడు. కబడ్డీ తీయునపుడు మైదానమున కొక ప్రక్కనే యుండుడు. నడుమ నావలి ప్రక్కకు దాటి తీసినయెడల, కుడికి బోవు జట్టు చిత్రములో నెడమకు బోవుచున్నట్లు కనబడి చూచువారు తికమకపడుదురు. ధ్వనివిషయమున మనకు రెండు శత్రువులు గలవు: ఒకటి జాతీయరహదారిమీద లారీల హారను, రెండవది సముద్రపుగాలి. మైకునకు దూదిగాని మెత్తని గుడ్డగాని కప్పుడు. గంటధ్వనిని, వంటశాలలో గరిటె చప్పుడును, ఖాళీగదిలోని నిశ్శబ్దమును వేఱువేఱుగా నొక్కొక్క నిమిషము పట్టి యుంచుడు. కూర్పువేళ నవి బంగారమువలె నక్కఱకు వచ్చును.

ఇట్లు మూడుపాళ్లు వ్రాసి, నాలుగవపాలు ఖాళీగా విడువుడు. పట్టిక వలదన్న మిత్రుల మాటలోని సత్యమునకు నేనిచ్చు చోటిది. అకస్మాత్తుగా వాన రావచ్చును. మైదానములోనికి మేక రావచ్చును. ఎన్నడును నోరు తెఱవని పిల్లవాడు పాట పాడవచ్చును. పట్టిక గలవాడే తన పని యెంత మిగిలినదో యెఱిగి, నిశ్చింతగా నీ వింతలకు దిరుగగలడు. పట్టిక లేనివానికి ప్రతిదియు నొకే తొందర.

నా యింకొక కోరిక. లూమియేరుల యేబది సెకనుల నియమమును మనమును బాటింతము. ఇరువది నిమిషములనగా ఏబది సెకనుల షాట్లు ఇరువదినాలుగు. అందు ఎనిమిదింటిని, అనగా చిత్రములో మూడవవంతును, చిత్రసంఘములో లేని చిన్నతరగతుల పిల్లల కిండు. ఒక్కొక్కరికి ఒక్కొక్క షాటు. కెమేరాను కదల్పరాదు, ఎక్కడ నుంచవలెనో వారే నిర్ణయింపవలెను. ఆఱవ తరగతి పిల్లకు ఈ పాఠశాలలో ముఖ్యమైన స్థల మేదో మనకు దెలియదు. అడిగిన చెప్పలేకపోవచ్చును; కెమేరా యిచ్చిన చూపును.

మఱొక చిక్కు గలదు. కొన్నిటిని రెండవసారి చేయించి తీయవలసివచ్చును. ఇది తప్పా? రాబర్ట్ ఫ్లాహర్టీ 1922లో వెలువరించిన “నానూక్ ఆఫ్ ది నార్త్” అను ప్రసిద్ధ వాస్తవచిత్రములో, మంచుగుడిసెలోపల తీయుటకు వెలుగు చాలనందున, ఒక ప్రక్క తెఱచియున్న గుడిసెను ప్రత్యేకముగా గట్టించి తీసెను. తుపాకులు వాడుక కలిగియున్న జనులచేత పూర్వపు బల్లెములతో వేటాడించెను. నే డా చిత్రమును మెచ్చుకొనుచునే పండితు లా లోపమును వేలెత్తి చూపుచున్నారు. నేను పెట్టు హద్దిది: దినమును జరుగుదానిని మరల నొకసారి చేయుమని యడుగవచ్చును, ఎన్నడును జరుగనిదానిని జరుగునట్లు చూపరాదు. గంట తాడును మరల లాగుమనవచ్చును. తాళము తీయని గ్రంథాలయములో పిల్లలను వరుసగా గూర్చుండబెట్టి పుస్తకములు చేతికిచ్చి తీయరాదు. గ్రంథాలయము మూసియున్నదని తీయుడు. అది తెఱచుటకు మార్గమగును.

అనుమతి విషయము తల్లిదండ్రులకు ముఖ్యము. 2002లో నికోలా ఫిలిబేర్ అను ఫ్రెంచి చిత్రకారుడు, ఒక పల్లెటూరి యేకోపాధ్యాయ పాఠశాలను గూర్చి హృద్యమైన చిత్రము దీసెను. అది యూహింపని ధనము నార్జించెను. పిమ్మట ఆ యుపాధ్యాయుడే తనకు భాగము గావలెనని న్యాయస్థానమున కెక్కెను. 2004లో న్యాయస్థాన మాయన కోరికను ద్రోసిపుచ్చెను. అంత ప్రేమతో దీసిన చిత్రము చివరకు మనస్తాపమునకు కారణమయ్యెను. ముందుగా మాటాడుకొని కాగితముమీద వ్రాసికొనుట మేలని దీనివలన దెలియుచున్నది. మన దేశమందును, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ సంరక్షణ చట్టము పదునెనిమిదేండ్లు నిండనివారిని పిల్లలుగానే యెంచి, వారి వివరములను వాడుకొనుటకు తల్లిదండ్రుల యనుమతి కావలెనని విధించినది. కాని చట్టముకంటె ముందు మర్యాద యున్నది. ఇంటివారు సరేయన్నను, పిల్లవాడు వలదని తల త్రిప్పుకొన్నచో కెమేరాను దింపుడు. వంటయమ్మను, గేటుకాడి యతనిని గూడ “తీయవచ్చునా?” యని యడుగుడు, తీసినపిమ్మట ముందుగా వారికే చూపుడు. కార్యక్రమములలో వారి నెవ్వరు నడుగరు. అడుగుటయే యొక గౌరవము.

డ్రోను మాట. 2021 నాటి డ్రోను నిబంధనలు ఆకాశమును ఎఱుపు, పసుపు, ఆకుపచ్చ మండలములుగా విభజించినవి. ఎఱుపు మండలములో కేంద్రప్రభుత్వపు టనుమతి లేనిదే యెగురవేయరాదు. మనది నౌకాదళము గల పట్టణము. అనుమతి దొరకినను నాకా షాటుమీద మోజు లేదు. ఆకాశమునుండి చూచినపు డన్ని పాఠశాలలును డాబాలే. మనిషి యెత్తునుండి చూచినపుడే యిది మన పాఠశాల.

పెద్దలు కొందఱు నాతో నిట్లనవచ్చును: “ఈ చిత్రమును జూచి తల్లిదండ్రులు పిల్లలను చేర్పింపవలెను గదా, కుళాయివద్ద త్రోపులాట, ఇంటిపని వ్రాయని పిల్లవాడు చూపిన పాఠశాల గౌరవ మేమగును?” ఈ శంక న్యాయమైనదే, పాఠశాల నడుపుట యెంత కష్టమో నే నెఱుగుదును. అయినను నా నమ్మిక వేఱు. బహుమానముల చిత్రమును జూచు తండ్రి, “నా బిడ్డ యిట్లు లేదే” యని మనస్సులో గుందును. వెనుక బెంచీ పిల్లవానివద్దకు వంగి పంతులుగారు లెక్క చెప్పుచున్న ముప్పది సెకనుల షాటును జూచు తండ్రి, “ఇక్కడ నా బిడ్డకు చోటున్న”దని ధైర్యము నొందును. చేర్పించుటకు రెండింటిలో నేది యెక్కువ పనికివచ్చునో వారే యోజింతురుగాక.

పైగా చిత్రము నేటికొఱకు మాత్రమే కాదు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖతీరమును దాకినపుడు ఈ ప్రాంతమున చెట్లెన్నియో కూలినవి. ఏ పాఠశాలలో జూచినను పిల్లలు నీడలో గూర్చుండి యన్నము దినెడి చెట్టొక్కటైనను పోయియుండును. అవి యున్నంతకాలము వాని నెవరు ఫోటో తీసిరి? ఉత్సవము లన్ని యేండ్లకు నొక్కటే పోలికగా నుండును. వాని చిత్రములు ప్రతి యేడును తీయుదురు. ఈ యేటి తోనే పోవునది దినదినజీవితము. మన యూరిలో నిది మఱియు త్వరగా మారుచున్నది. నిన్న తోటలున్నచోట నేడు మేడలు లేచుచున్నవి. ఇరువదేండ్ల పిదప మీరు మీ బిడ్డలతో నీ చిత్రమును జూచునపుడు, కప్పులున్న బీరువాకంటె, మీరు కూర్చున్న బెంచీయే మిమ్ము నిలువబట్టును.

చిత్రసంఘమువారికి పట్టికను దిరిగి యిచ్చివేయుచున్నాను. దానిలో నే నేదియు కొట్టివేయలేదు. బహుమానము వచ్చినవారు నుండనిండు, వారి శ్రమ యల్పము కాదు. క్రింద నొక్క వరుస మాత్రము వ్రాసితిని. సాయంకాలము చివరిగంట కొట్టిన పిమ్మట, గేటున కెదురుగా, రోడ్డున కావలిప్రక్క, కెమేరాను స్థిరముగా నుంచుడు. పిల్లలందఱు బయటకు రానిండు, ఆటోలు పోనిండు. కెమేరాను నిలుపక యింకను కొంతసేపు తీయుడు. అందఱు పోయిన పిమ్మట నొకతడు వచ్చి, లోపలి కొకసారి చూచి, ఇంకెవరును మిగులలేదని తెలిసికొని, గేటు మూసి తాళము వేయును. అతని మొగము స్పష్టముగా గనబడునట్లు చూచుకొనుడు.